డార్క్ పెట్టె, హెవీ నీలం

పెద్దావిడకి ముక్కు మీద కోపం అని ఆఫీసులో అందరూ అంటారు. తెలియనివాళ్ళ మాట అది. ముక్కు మీదుండే కోపమైతే ఒక్క తుమ్ముతో రాలిపోయేది. ఈవిడది కడుపులో పెట్టుకుని సాకే రకం. పొద్దున లేవగానే దాని క్షేమసమాచారాలు కనుక్కుని, పడుకునే ముందు దానికి దుప్పటి కప్పి, ఆ తరవాతే తను కళ్ళు మూసుకునే మనిషి. అలా సాకిన కోపాల్లో అన్నిటికన్నా పెద్దది తోడికోడలి మీద కోపం. ఆ తోడికోడలు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆవిడ ఎదురుగానే, అదే బల్లకి అటువైపు కూర్చునేది.

ఇద్దరూ అన్నదమ్ముల భార్యలు. అన్న భార్య పెద్దావిడ, తమ్ముడి భార్య చిన్నావిడ. ఉండేది ఒకే ఇంట్లో, పనిచేసేది ఒకే ఆఫీసులో. ఆఫీసంటే మరీ గొప్పగా ఊహించుకోవద్దు. చెప్పుల దుకాణం మీద రెండు గదులు, ఎక్కితే మోగే ఇనుప మెట్లు, తలుపు తియ్యగానే జిగురు వాసనా కొత్త కాగితం వాసనా. బడిపిల్లలకి పుస్తకాలు తయారుచేసే చోటు. ఈ ఇద్దరి పనీ ఒకే ఒక్క పుస్తకం: ఇంగ్లీషు మాటలకి వ్యతిరేక పదాలు. కొన్నాళ్ళకోసారి కొత్త మాటలు చేర్చి, పాతవి సరిదిద్ది, మళ్ళీ అచ్చు వేస్తారు.

అలాంటి పుస్తకాలు బజార్లో బోలెడున్నాయి కదా అని ఎవరైనా అన్నారో, పెద్దావిడ వాళ్ళని ఉతికి ఆరేసేది. బజారు పుస్తకాల్లో ఎడమ పక్క ఒక మాట, కుడి పక్క ఒక మాట, మధ్యలో గీత. లైట్‌కి హెవీ, అయిపోయింది.

"లైట్‌కి హెవీ ఏంటి, మీ మొహం! పెట్టె లైటయితే హెవీ. రంగు లైటయితే? డార్క్. టీ లైటయితే? స్ట్రాంగ్. దేని గురించి అంటున్నావో చెప్పకుండా వ్యతిరేకం చెప్పమంటే ఎలా చెబుతారయ్యా ఎవరైనా?" అని అమ్మకాలు చూసే ఆయన్ని ఓసారి గుమ్మంలోనే నిలబెట్టి అడిగింది. ఆయన టీ తాగుదామని వచ్చాడు పాపం. తాగకుండానే మెట్లు దిగి పోయాడు.

అసలు ఆవిడ ఈ పనిలోకి వచ్చిందే ఒక గొడవ వల్ల. అంతకుముందు ఒక బళ్ళో ఇంగ్లీషు చెప్పేది. పరీక్షలో లైట్‌కి వ్యతిరేకం రాయమంటే ఒక పిల్ల డార్క్ అని రాసింది. జవాబుల కాగితంలో హెవీ అని ఉంది కాబట్టి సున్నా వెయ్యమన్నాడు హెడ్మాస్టరు. ఈవిడ వెయ్యనంది. "పిల్ల జవాబు తప్పు కాదు, మీ ప్రశ్నే తప్పు" అని వరండాలో నిలబడి అరిచింది. ఉద్యోగం పోయింది. పుస్తకాలు అమ్ముకుందామని వచ్చి, ఆ వరండా బెంచీ మీద కూర్చుని ఈ రభసంతా విన్న ఒక పెద్దాయన మర్నాడు ఇంటికి కబురు పంపాడు. "నాకు మీలాగా పోట్లాడే మనిషే కావాలమ్మా" అన్నాడట. ఆయనే ఈ ఆఫీసు పెట్టిన మనిషి. కోపానికి జీతమిచ్చిన యజమాని లోకంలో ఆయనొక్కడే అయ్యుంటాడు.

మరిది పెళ్ళి చేసుకుని చిన్నావిడని తెచ్చాక, "రోజంతా గోడలు చూస్తూ కూర్చుంటావా? లే, నాతో రా" అని పెద్దావిడే వెంటబెట్టుకుని వచ్చింది. పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పింది. చిన్నావిడ నోట్లో నువ్వుగింజ నానదు, అది ఆవిడ లోపం. ఒకసారి విన్నది చచ్చినా మరిచిపోదు, అది ఆవిడ గొప్ప. కొద్దికాలానికే పుస్తకం మొత్తం కంఠతా పట్టేసింది. ఇంటి దగ్గర పొయ్యి ముందు కూడా అదే ఆట. "షార్ట్?" అని ఒకరు అడిగితే, "మనిషైతే టాల్, తాడైతే లాంగ్" అని రెండోవాళ్ళు అందుకునేవారు. కంచం ముందు కూర్చున్న మరిది, "ఇది ఇల్లా, బడా? ముందు నాకు పెట్టండి" అని నెత్తి కొట్టుకునేవాడు. తోడికోడళ్ళంటే ఉప్పూ నిప్పూ అనే లోకం వీళ్ళని చూసి కొంచెం కుళ్ళుకుందనే చెప్పాలి.

వాళ్ళ పని ఎలా సాగేదో ఇక్కడ చెప్పకపోతే తరవాత జరిగింది బోధపడదు. అచ్చు వెయ్యబోయే ముందు చూసుకోవడానికి కాగితాలు వస్తాయి, ప్రూఫులంటారు. చేత్తో రాసిన అసలు ప్రతి పెద్దావిడ దగ్గర ఉంటుంది, ప్రూఫు చిన్నావిడ ముందు బల్ల మీద ఉంటుంది. పెద్దావిడ తన ప్రతిలోంచి మాట చెబుతుంది. ఆ మాట కింద అచ్చులో ఏ వ్యతిరేకాలు పడ్డాయో చిన్నావిడ పైకి చదువుతుంది. రెండూ కలిస్తే పెద్దావిడ పెన్సిలుతో గుర్తు పెడుతుంది, కలవకపోతే ఇద్దరూ ఆగుతారు. చివరికి ప్రతి ప్రూఫు కిందా చిన్నావిడ సంతకం చెయ్యాలి. ఒకరి చెయ్యి చేసిన తప్పు ఇంకొకరి కంటికి దొరుకుతుందని పెద్దాయన పెట్టిన ఏర్పాటు అది.

ఇలా ఉండగా పెద్దావిడ భర్త వెన్ను దెబ్బతిని మంచం పట్టాడు. ఒక నెలా రెండు నెలలా, ఏళ్ళు. అటు తిప్పి పడుకోబెట్టాలి, ఇటు తిప్పి పడుకోబెట్టాలి, కడగాలి, తుడవాలి, రాత్రి చిన్న మూలుగు వినబడినా లేవాలి. డాక్టరు వచ్చినప్పుడల్లా ఒకటే ప్రశ్న: నొప్పి షార్పా, డల్లా? షార్పంటే కత్తితో పొడిచినట్టు, డల్లంటే లోపల్లోపల సలిపినట్టు. ఆయన చెప్పలేకపోయేవాడు, ఆయన మొహం చూసి ఈవిడే చెప్పేది. చివరికి ఒక రోజు పొద్దుగూకే వేళ ఆయన కన్నుమూశాడు.

శవం ముందు గదిలో ఉంది. కుర్చీల నిండా జనం. పెద్దావిడ గోడకి ఆనుకుని కూర్చుంది, కంట తడి లేదు. ఏడవడానికి ఒంట్లో సత్తువుంటే కదా. పోయినాయన మేనత్త ఒకావిడ పెదవి విరిచింది. "చూశారా, కళ్ళల్లో ఒక్క చుక్క లేదు. రాతిగుండెమ్మా, రాతిగుండె."

చిన్నావిడ నోరు ఊరుకోలేదు. "రాతిగుండే లేదు, ఏం లేదు. ఇన్నేళ్ళూ అక్క కంటి మీద కునుకు లేకుండా చాకిరీ చేసింది. ఇకనైనా కంటినిండా నిద్రపోతుంది" అంది, గదంతా వినబడేలా.

గదంతా పెద్దావిడ వైపు తిరిగింది. మొగుడు పోయినందుకు నిద్ర పట్టబోతున్న ఆడమనిషిని చూసినట్టు చూశారు. మేనత్తయితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. ఆ రాత్రి పెద్దావిడ నిజంగానే నిద్రపోయింది. పక్కగదిలో ఊరికే నడుం వాల్చింది, అంతే, కిటికీలోంచి ఎండ మొహం మీద పడేదాకా ఒళ్ళు తెలియలేదు. లేవగానే ముందు భర్త గుర్తుకు రాలేదు. ఒళ్ళెంత హాయిగా ఉందో అది తెలిసింది. ఆ తరవాత భర్త గుర్తుకొచ్చాడు, ఆయన వెనకే సిగ్గు, సిగ్గు వెనకే కోపం. తనని తాను ఎంతసేపని తిట్టుకుంటుంది ఎవరైనా? ఆ కోపం మొత్తం తీసుకెళ్ళి తోడికోడలి నెత్తిన పెట్టింది. ఆ పూట నుంచి ఆవిడతో మాటలు లేవు.

ఇంట్లో రెండు పొయ్యిలయ్యాయి. మధ్యలో మరిది నలిగాడు. అగ్గిపెట్టె కావాలన్నా ఆయన నోటితోనే అడగాలి. "వదినా, మీ చెల్లి అగ్గిపెట్టె ఇమ్మంటోంది." "లేదని చెప్పు." "లేదంటోందే." "చేతిలో ఉన్నదేంటో అడగండి." "చేతిలో ఉన్నదేంటంటోంది వదినా." "అది నాదని చెప్పు." ఆయన రెండు గదుల మధ్య గుమ్మంలో నిలబడి, "నేను మనిషినా, టెలిఫోనా?" అని ఓ రోజు గట్టిగా అడిగాడు. ఎవరూ జవాబు చెప్పలేదు. చెప్పాలన్నా ఆయన ద్వారానే చెప్పాలి మరి.

ఆఫీసులో మాత్రం పని ఆగలేదు. బల్ల కిటు ఒకరు, అటు ఒకరు. "ఓల్డ్" అంటుంది పెద్దావిడ. "మనిషికి యంగ్, వస్తువుకి న్యూ" అంటుంది చిన్నావిడ. "హార్డ్." "ముట్టుకుంటే సాఫ్ట్, లెక్కయితే ఈజీ." ఏళ్ళ తరబడి ఆ ఇద్దరి మధ్య నడిచిన మాటలు అవే. దాహమేస్తే ఎవరి నీళ్ళు వాళ్ళు తాగేవారు, ఫ్యాను ఎక్కువైతే ఎవరికి చలేస్తే వాళ్ళు లేచి తగ్గించేవారు. పక్కగదివాళ్ళకి అదొక వినోదం. ఈ కథ చెబుతున్న నాకైతే ఒళ్ళుమంట. అంత చదువుకుని, మాటకి పదిరకాల అర్థాలు విడమరిచే మనిషి, తోడికోడలు అన్న ఒక్కమాటకి మాత్రం ఒకటే అర్థం పట్టుకుని వేళ్ళాడింది.

ఈ మధ్యలో పెద్దాయన పోయి ఆయన కొడుకు యజమాని అయ్యాడు. ఆయన్ని అందరూ అర్జెంటు అంటారు, వెనకాలలెండి. నోరు తెరిస్తే అర్జెంటే. కుర్చీలో కూర్చోవడం కూడా అర్జెంటుగానే కూర్చుంటాడు. పుస్తకం మళ్ళీ అచ్చుకి వెయ్యాలి, బళ్ళు తెరిచేలోగా రావాలి, అర్జెంటు అన్నాడు. ప్రూఫులు వచ్చినవి వచ్చినట్టు చూసి ప్రెస్సుకి పంపేస్తున్నారు. ఎ నుంచి ఆర్ దాకా అలా వెళ్ళిపోయాయి. ఎస్ మొదలైంది.

"షార్ప్" అంది పెద్దావిడ.

"కత్తికి బ్లంట్, బుర్రకి డల్, మలుపుకి జెంటిల్" అని చిన్నావిడ ఆగింది.

పెద్దావిడ పెన్సిలు కాగితం మీద నిలిచిపోయింది. షార్ప్ కింద ఈసారి నాలుగుండాలి. ఈసారి పుస్తకంలో ఆవిడ కొత్తగా చేర్చింది అదొక్కటే, భర్త మంచం పక్కన నేర్చుకున్నది: నొప్పికి డల్. అది అచ్చులో ఎగిరిపోయిందేమో అనుకుని, మాట్లాడటం లేదు కాబట్టి అడక్కుండా చెయ్యి చాచి ప్రూఫు లాక్కుంది. నాలుగూ ఉన్నాయి. నాలుగోది మిగిలినవాటి కంటే నల్లగా, స్పష్టంగా పడింది. చిన్నావిడ మొహంలోకి చూసింది. చిన్నావిడ ప్రూఫు ఉండాల్సిన చోటువైపు, ఖాళీ బల్లవైపు చూస్తోంది.

మర్నాడు పెద్దావిడ ఒక పాపిష్టి పని చేసింది. చిన్నావిడ రాకముందే ఆవిడ చోటులో టి అక్షరం ప్రూఫు పెట్టి, తను ఎస్‌లోంచి చదవడం మొదలుపెట్టింది. "సాఫ్ట్." "ముట్టుకుంటే హార్డ్, గొంతయితే లౌడ్." "స్లో." "నడకకి ఫాస్ట్, బుర్రకి క్విక్." వేరే అక్షరం కాగితం మొహం ముందు పెట్టుకుని, కళ్ళద్దాలు సవరించుకుంటూ, వేలు వరస వెంట కదుపుతూ, చిన్నావిడ గడగడా ఒప్పజెప్పింది. పాత పుస్తకం మొత్తం ఆవిడ తలలో ఉంది. కంటి ముందు కాగితం మాత్రం పొగ.

పెద్దావిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎన్నాళ్ళుగా సాగుతోంది ఈ నాటకం? తను నేర్పిన పని, తను ప్రాణం పెట్టిన పుస్తకం! ఆ వెంటనే ఇంకోటి తోచింది. ఇప్పుడు ఒక్కమాట అర్జెంటు చెవిన వేస్తే చాలు, ఆ కుర్చీ ఖాళీ అయిపోతుంది. చిన్నావిడకి ఆ కుర్చీ ఎంత ముఖ్యమో పెద్దావిడకి తెలియంది కాదు. పిల్లలు లేరు, మరిది పొద్దున పోతే చీకటి పడ్డాకే వస్తాడు, ఇంట్లో పలకరించే దిక్కు లేదు. ఉన్న ఒక్క తోడికోడలూ ఇలాంటిది. ఆ బల్ల దగ్గర వచ్చే "హార్డ్", "సాఫ్ట్" మాటలు తప్ప రోజంతా ఆవిడ చెవిన పడే మనిషి గొంతు లేదు. అదంతా తెలిసే పెద్దావిడ ఆ ఒక్కమాటనీ నాలుక మీద పెట్టుకుని రోజులకి రోజులు చప్పరించింది. తియ్యగా ఉంది. ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి, చాలా తియ్యగా ఉంది.

చెప్పలేదు. మిగిలిన ప్రూఫులు మధ్యాహ్నం అందరూ తిండికి లేచినప్పుడు తనే ఇంకోసారి చూసేది, పళ్ళు కొరుక్కుంటూ. అప్పటికే ప్రెస్సుకి వెళ్ళిపోయిన వాటి సంగతేంటి? ఆపించాలంటే ఎందుకో చెప్పాలి. పోనీలే పాపం అని ఊరుకున్నానని తనకి తను చెప్పుకుంది. అబద్ధం. దాని తప్పు దానంతటదే బయటపడాలి, నలుగురిలో పడాలి, అప్పుడు నేను చేతులు కట్టుకుని చూడాలి అనుకుంది. ఎదురుగా కూర్చున్న మనిషికి లోకం మసకబారిపోతుంటే, ఈవిడ తమాషాకి టిక్కెట్టు కొనుక్కున్నట్టు ఎదురుచూసింది.

పుస్తకం వచ్చింది. బళ్ళు తెరిచారు. ఒక రోజు ఫోను మోగింది, దాని వెనకే ఇంకోటి. లైట్ అనే మాట కింద రెండు వరసలు తారుమారు అయ్యాయి. పెట్టెకి డార్క్, రంగుకి హెవీ. కంప్యూటరు మీద అక్షరాలు కూర్చేవాడి చెయ్యి జారింది. లైట్ పెట్టెకి వ్యతిరేకం డార్క్ పెట్టె, లైట్ నీలానికి వ్యతిరేకం హెవీ నీలం. ఒక బళ్ళో పిల్లలు "మిస్, నా సంచి చాలా డార్క్‌గా ఉంది, మొయ్యలేకపోతున్నా" అని ఒకటే గోలట. పక్కగదిలో ఆ మాట విని అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. పెద్దావిడ నవ్వలేదు. ఆవిడకి ఒక ఉద్యోగం పోగొట్టిన మాట, ఇంకో ఉద్యోగం ఇచ్చిన మాట, అదే మాట దగ్గర తప్పు. తేలు కుట్టిన దొంగలా కూర్చుంది.

అర్జెంటు ఇద్దర్నీ పిలిచాడు. ముందు గదిలో, అమ్మకాలాయనా, అక్షరాలు కూర్చేవాడూ, కట్టలు కట్టే ఇద్దరూ అక్కడే ఉన్నారు. ప్రూఫు తీసి బల్ల మీద కొట్టాడు.

"ఎవరిదీ సంతకం?"

చిన్నావిడ బల్ల మీదకి వంగింది, ఏమీ కనబడక మళ్ళీ నిటారుగా నిలబడింది. "నాదేనండీ" అంది.

"చూసే సంతకం పెట్టారా, నిద్రపోతూ పెట్టారా? చిన్నపిల్లాడు కూడా పట్టేస్తాడు దీన్ని! మా నాన్నగారు పెట్టిన మనుషులని నెత్తిన పెట్టుకుంటే ఇదా? ఫ్యాను కింద కూర్చుని కునుకు తీసి సాయంత్రం ఇంటికి పోవడం! బద్ధకం! ఒట్టి బద్ధకం!"

చిన్నావిడ తల వంచుకుంది. చీర చెంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. ఇన్నాళ్ళూ పెద్దావిడ ఎదురుచూసిన తమాషా అచ్చం ఇదే. నలుగురూ ఉన్నారు, చేతులు కట్టుకుని చూడటమే తరువాయి. చూడలేకపోయింది. ఎందుకో ఆవిడకే తెలియలేదు. ఆయన రెండోసారి "బద్ధకం" అనేసరికి ఒళ్ళు భగ్గుమంది.

"నోర్ముయ్యండి!" అంది పెద్దావిడ. గది అదిరింది. "బద్ధకమేంటండీ బద్ధకం? ఆవిడకి కళ్ళు కనబడటం లేదు! అచ్చు ప్రూఫులు మొదలైన దగ్గర్నుంచీ కనబడటం లేదు! ఒక్క అక్షరం కనబడకపోయినా పుస్తకం మొత్తం తలలో పెట్టుకుని ఒప్పజెబుతోంది ఆవిడ. మీ వంశంలో ఒక్కడికైనా చేతనవుతుందా అది? అర్జెంటు అర్జెంటని గొంతు మీద కూర్చున్నది మీరు, అక్షరాలు మార్చి కూర్చింది అదుగో అతను, మసి పూసేది ఆవిడ మొహానికా?"

కట్టలు కట్టేవాళ్ళు చిన్నావిడ కళ్ళవైపు చూస్తున్నారు. అందరూ ఆ కళ్ళవైపే చూస్తున్నారు.

అర్జెంటు కోపం ఉన్నట్టుండి దిగిపోయింది. అదే అన్నిటికన్నా దారుణం. గొంతు తగ్గించి మర్యాదగా, "నిజమేనా అమ్మా? ముందే చెప్పొచ్చు కదా. ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోండి మరి. ఈ పని కళ్ళతో చేసేది" అన్నాడు.

"అంటే రేపట్నుంచి రావద్దంటున్నారా?" అని పెద్దావిడ మీదికి వెళ్ళింది.

"నేనేం అనలేదండీ. కళ్ళు కనబడవని మీరే అన్నారు" అన్నాడు ఆయన, ప్రూఫు మడిచి సొరుగులో పెట్టుకుంటూ.

చిన్నావిడ తన సంచీ వెతుక్కుని భుజాన వేసుకుని, గోడ పట్టుకుని బయటికి నడిచింది. పెద్దావిడ వెనకాలే పరిగెత్తింది. ఇనుప మెట్ల మీద చిన్నావిడ కాలు ఒకదాని తరవాత ఒకటి తడుముతూ దిగుతోంది. ఇన్నాళ్ళూ ఇలాగే దిగుతోందా, నేనెందుకు చూడలేదు అనుకుంది పెద్దావిడ. మెట్ల అడుగున చిన్నావిడ ఆగింది, వెనక్కి తిరక్కుండానే నోరు విప్పింది. ఏళ్ళ తరవాత పుస్తకంలోది కాని మొదటి మాట.

"నీకు ముందే తెలుసా అక్కా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"షార్ప్ దగ్గర్నుంచి."

"తెలిసి ఊరుకున్నావా?"

"ఊరుకున్నాను. నువ్వు దొరికిపోవాలని చూశాను" అంది పెద్దావిడ. అబద్ధం ఆడటానికి కూడా ఓపిక లేదు. "దొరికిపోతే నవ్వుదామనుకున్నాను."

"మరి నవ్వొచ్చుగా. వాడు తిడితే తిట్టేవాడు, రెండు రోజులు పోతే మరిచిపోయేవాడు. ఆ కుర్చీ ఉండేది నాకు. అంతమందిలో నా కళ్ళ సంగతి ఎందుకు బయటపెట్టావు? నాకు చెవిలో చెబితే సరిపోయేది కాదా?" చిన్నావిడ ఇప్పుడు వెనక్కి తిరిగింది. "వాళ్ళంతా నా కళ్ళల్లోకి చూశారు అక్కా. నాకు వాళ్ళ మొహాలు కనబడలేదు గానీ, చూస్తున్నారని తెలిసింది."

ఈ ప్రశ్నే కదా పెద్దావిడ ఇన్నేళ్ళుగా కడుపులో దాచుకున్నది, ఏదో ఒక రోజు ఈ మనిషి మొహాన కొడదామని. "వాడు నిన్ను బద్ధకం అన్నాడే. ఒళ్ళు మండింది" అంది చివరికి.

"ఆ రోజు మేనత్త నిన్ను రాతిగుండె అంది. నాకూ ఒళ్ళే మండింది."

చెప్పుల దుకాణం ముందు జనం అటూ ఇటూ పోతున్నారు. పెద్దావిడ దారికి అడ్డంగా నిలబడిపోయింది, ఎవరో విసుక్కుంటూ పక్కనుంచి వెళ్ళారు. "ఆ రాత్రి నేను నిజంగానే నిద్రపోయానే" అంది, ఎవరికీ చెప్పని మాట. "పక్కగదిలో ఆయన ఉన్నాడు. నేను గుర్రు పెట్టి నిద్రపోయాను. నువ్వు అన్నట్టే."

"నాకు తెలుసు."

"ఎలా తెలుసు?"

"తలుపు దగ్గరగా వేసింది నేనే. మేనత్త రెండుసార్లు లేచి వచ్చింది, ఏం చేస్తున్నావో చూద్దామని. ఏడుస్తోంది, ఒంటరిగా ఉండనివ్వండి అని పంపించేశాను. తెల్లారేదాకా గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను. నీ గుర్రు బయటికి వినబడుతుంటే దగ్గుతూ కూర్చున్నాను."

పెద్దావిడకి కోపం ముంచుకొచ్చింది. ఇంతకాలం ఈ మాట నోట్లో పెట్టుకుని కూర్చున్న దాని మీద, గుమ్మం దాకా వచ్చిన ఆ మేనత్త మీద, పైనున్న అర్జెంటు మీద. అన్నిటికన్నా ఎక్కువగా తన మీద. తన మీద వచ్చిన కోపం ఈసారి ఎవరి నెత్తినా పెట్టడానికి వీల్లేకపోయింది. చిన్నావిడ జబ్బ గట్టిగా పట్టుకుంది.

"చెయ్యి వదులు, నొప్పి" అంది చిన్నావిడ.

"వదలను. నడు."

"ఎక్కడికి?"

"కళ్ళ డాక్టరు దగ్గరికి. అది పొరో, ఇంకోటో, ఇవాళ తేలాలి. కోసి తీసేదైతే తీయిద్దాం. ఆ కుర్చీ సంగతి రేపొచ్చి నేను చూస్తాను."

"కోత అంటే నాకు భయం. నేను రాను."

"భయపడుతూనే రా. భయపడొద్దని ఎవరన్నారు?"

"నువ్వు అరవకు, అందరూ చూస్తున్నారు."

"చూడనీ! ముందు మెట్టుంది, చూసుకో" అని కసిరింది పెద్దావిడ. చిన్నావిడ పాదం చాచి మెట్టు అంచు తడిమి, అక్క చేతి మీద బరువు వేసి రోడ్డు మీదకి దిగింది.